పరదా తీశాకే ఆట

మాస్టారు నాకు ప్రూఫులు ఇచ్చింది అచ్చుతప్పులు చూడమని. శాఖా గ్రంథాలయానికి రోజూ వచ్చేవాళ్ళలో నా అంత నిదానంగా చదివే మనిషి లేదని ఆయన నమ్మకం. నేను ఎనిమిదో తరగతితో బడి మానేశాను. ఆ తరవాత చదివిందంతా ఈ గ్రంథాలయం బల్లల మీదే. మిషను కుట్టి, మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండు గంటలు ఇక్కడ కూర్చుని, బీరువా తరవాత బీరువాగా చదివాను. అలాంటి నాకు, తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరైన ఆయన తన పుస్తకం అప్పగించడం ఎంత గొప్పగా అనిపించిందో దాచుకోను. అది అమలాపురం చరిత్ర. ఆయన ఏళ్ళ తరబడి కూడబెట్టింది. కాలవల పేజీలు, కొబ్బరి వర్తకం పేజీలు దాటి నాలుగో రోజుకి కౌముది టాకీసు దగ్గరికి వచ్చాను. ఆ పేజీలో అచ్చుతప్పు ఒక్కటీ లేదు. కానీ ఒక వాక్యం ఉంది. "ఆ రోజుల్లో స్త్రీలను పరదా వెనక విడిగా కూర్చోబెట్టేవారు, ఆట నడిచే తీరులో వారికి ఎలాంటి ప్రమేయమూ ఉండేది కాదు." దాన్ని మూడుసార్లు చదివి, పెన్సిలుతో పక్కన గీత గీసి, కాయితాలు పట్టుకుని ఆయన బల్ల దగ్గరికి వెళ్ళాను.

"ఇది తప్పండీ మాస్టారూ."

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశారు. "ఏదండీ? ప్రమేయమా? ఆ మాట సరిగ్గానే ఉందే."

"మాట సరిగ్గానే ఉందండి. సంగతే తప్పు. పరదా తీస్తేగానీ కౌముదిలో ఆట మొదలయ్యేది కాదు. ఆ పరదా తీసేది మా అమ్మ."

మాస్టారు నవ్వలేదు. అది ఆయన మంచితనం. "దానికి ఆధారం ఉందాండీ? ఆధారం అంటే కాయితం ఉండాలి కదండీ సత్యవతమ్మ గారూ. మీరు చదువుకున్న మనిషి, మీకు నేను చెప్పాలా?" అన్నారు.

"కాయితం రాసేవాళ్ళెవరూ మా వైపు కూచోలేదు కదండీ," అన్నాను.

"ఆయ్, అది నిజమేననుకోండి. కానీ వచ్చే సోమవారం ప్రెస్సుకి ఇచ్చేస్తున్నానే!"

అప్పటికి ఆరు రోజులుంది. ఆ వాక్యం అలాగే అచ్చయితే, పదేళ్ళ తరవాత నాలాంటి మరో మనిషి ఇదే బల్ల దగ్గర కూర్చుని దాన్ని నిజమనుకుని చదువుతుంది. అచ్చులో ఉన్నదాన్ని నమ్మే మనిషిని కాబట్టే నాకు అంత పట్టుదల వచ్చింది.

కౌముది గడియార స్తంభం నుంచి మార్కెట్టు వైపు వెళ్ళే దారిలో ఉండేది. సినిమాలు ఆగిపోయాక చాలాకాలం కొబ్బరికాయల గోడౌనుగా ఉంది. ఇప్పుడు చుట్టూ రేకులు కట్టి పడగొడుతున్నారు. మేము హాలు వెనక సందులో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. నాన్న కొబ్బరి కొట్లో పీచు వొలిచేవాడు. సాయంత్రం ఇంటికి వస్తే పచ్చి పీచు వాసన, చేతులకి కొబ్బరి డొక్కల మరకలు. నాయనమ్మ అరుగు మీద కూర్చుని అడ్డపొగ పీల్చేది. చుట్ట నిప్పు నోట్లోపలికి పెట్టుకుని, మాట్లాడుతూ కూడా దాన్ని జారనిచ్చేది కాదు. మా ఇంట్లో పొద్దున్న వంట ఎప్పుడూ తొందరగా అయిపోయేది. మ్యాట్నీ ఉంది కనక. అమ్మ పదిన్నరకల్లా పులుసు దించి, తలకి కొబ్బరినూనె రాసుకుని, ముడి బిగించి, ముదురు రంగు చీర కట్టుకునేది. తెల్లచీర కడితే చీకట్లో తెర కన్నా తనే కనబడతానని అనేది. అమ్మ పేరు మహలక్ష్మి. ఊళ్ళో అందరికీ గేటు మాలచ్చి. ఆడవాళ్ళ క్లాసు గేటు దగ్గర ఆమె నిలబడటం మొదలుపెట్టినప్పుడు నేనింకా పుట్టలేదు.

ఆడవాళ్ళ క్లాసు హాల్లో కుడి పక్క, నేల కన్నా రెండు మెట్లు ఎత్తులో ఉండేది. మగవాళ్ళకీ మాకూ మధ్య నడుం ఎత్తు గోడ, గోడ మీద తీగ, తీగకి ఇత్తడి ఉంగరాలతో వేలాడే ఎర్రటి మందపాటి పరదా. దీపాలు వెలుగుతున్నంతసేపూ పరదా మూసి ఉంటుంది. అప్పుడు మాకు తెరా కనబడదు, మగవాళ్ళకి మేమూ కనబడం. లోపల మాత్రం ఒక చిన్న ఊరే ఉండేది. మల్లెపూలు, తమలపాకులు, వానకి తడిసిన చీరలు, పసిపిల్లల పాలవాసన, గోడ మీంచి దొర్లివచ్చే బీడీ పొగ అన్నీ కలిసిపోయి ఉండేవి. వేరుశనగకాయల పొట్టు కాళ్ళ కింద పటపటమనేది. బయట వరండాలో అమ్మ వాసాలకి పాతచీరలతో ఉయ్యాలలు కట్టి ఉంచేది. సినిమా మధ్యలో పిల్ల ఏడిస్తే తల్లి లేవక్కర్లేదు. అమ్మ వచ్చి ఎత్తుకెళ్ళి ఉయ్యాలలో వేసి ఊపేది. "సినిమా నువ్వు చూడవే, నీ కూతురి ఏడుపు నేను చూస్తాను," అనేది. ఇంటర్వెల్‌కి ఎవరి పిల్లని వాళ్ళకి అప్పగించేది. ఒక్కసారి కూడా పిల్లలు మారిపోలేదని ఆమెకి గర్వం.

మ్యాట్నీకి మూడు బెల్లులు కొట్టేవారు. మూడో బెల్లుకి ఆట మొదలవ్వాలని పాంప్లెట్ల మీద ఉండేది. కానీ ఆడవాళ్ళలో సగంమంది ముక్తేశ్వరం బస్సులో రావాలి. కోటిపల్లి వైపు నుంచి పడవ దాటి, ముక్తేశ్వరంలో ఆ బస్సు పట్టుకునేవాళ్ళూ ఉండేవారు. ఒకరోజు పడవ ఆలస్యం, ఒకరోజు బస్సు. మొదట్లో ఆపరేటరు సూర్యారావు బెల్లు అవగానే రీలు తిప్పేసేవాడట. ఆడవాళ్ళు చంకలో పిల్లలతో లోపలికి వచ్చేసరికి పేర్లు అయిపోయేవి, సగం పాట అయిపోయేది. "మళ్ళీ మొదటినించీ వెయ్యి నాయనా," అని ముప్పై గొంతులు లేచేవి. వాళ్ళు వినేదాకా ఊరుకునేవారు కాదు. రీలు ఆపి, వెనక్కి చుట్టి, మళ్ళీ ఎక్కించడం ఎంత చాకిరీయో ఆపరేటరుకే తెలుసు. అందుకని ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. క్యాబిన్ కన్నంలోంచి కుడి పక్కకి చూసేవాడు. బస్సు వాళ్ళు వచ్చి, కూర్చుని, చెప్పులు సర్దుకున్నాక అమ్మ గేటు వేసి, తాడు లాగి పరదా తీసేది. ఉంగరాలు గలగలమని పక్కకి జరిగేవి. అది చూశాకే ఆయన దీపాలు ఆర్పి మిషను వేసేవాడు. ఇలా చెయ్యమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అమ్మా ఆపరేటరూ దాని గురించి మాట్లాడుకోలేదు కూడా. మూడో బెల్లు తరవాత ఆట ఎందుకు ఆగుతుందో నేల మీద కూర్చున్నవాళ్ళకి తెలుసు. తెలియంది మేనేజరు గారొక్కరికే. ఆయన ఆ వేళకి టిక్కెట్ల గదిలో ఉండేవారు. పరదా ఉన్నది మగవాళ్ళ కంట ఆడవాళ్ళు పడకుండా ఉండటానికేనని ఆయన అనుకునేవారు. మాస్టారి పుస్తకం కూడా అదే అనుకుంది.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు ఒక కొత్త సినిమా వచ్చింది. రెండు రోజులుగా ముసురు. అయినా నేల టిక్కెట్ల దగ్గర లైను మార్కెట్టు దాకా ఉంది. మ్యాట్నీ వేళకి ఆడవాళ్ళ వైపు పదిమంది కూడా రాలేదు. మేనేజరు గారు గొడుగేసుకుని వచ్చి, "మాలచ్చీ, ఈ వానకి ఆడవాళ్ళేం వస్తారు గానీ, గేటు మగాళ్ళకి వదిలెయ్. ఉన్న ఆ పదిమందినీ బాల్కనీలో కూచోబెడదాం," అన్నారు.

"బస్సింకా రాలేదండి," అంది అమ్మ.

"వస్తే సాయంత్రం ఆట చూస్తారు. నువ్వు వదులు."

మేనేజరు మాట. అమ్మ గేటు వదిలింది. మగవాళ్ళు బిలబిలా వచ్చి మా బెంచీలు నింపేశారు. రెండో బెల్లు అయింది. అప్పుడొచ్చింది బస్సు. పాతికమంది పైగా దిగారు, తడిసి ముద్దయి, కొంగుల కింద పిల్లల్ని దాచుకుని. హౌస్‌ఫుల్ అని మేనేజరు గారు చెబితే వాళ్ళకి ముందు అర్థమే కాలేదు. ఒక పెద్దావిడ, "మా చోటు మాకుండగా హౌసెలా ఫుల్లవుద్దండీ?" అంది. సాయంత్రం ఆట చూస్తే తిరిగి వెళ్ళేటప్పటికి రేవులో పడవ ఉండదు. ఆ మాట వాళ్ళు చెప్పారు. మేనేజరు గారు వినకుండా వెళ్ళి మూడో బెల్లు కొట్టించారు.

నేను గేటు లోపల అమ్మ పక్కనే ఉన్నాను. అమ్మ పరదా తాడుని తీసి మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుంది. అంతే. హాల్లో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. నేల మీంచి ఈలలు మొదలయ్యాయి. "వెయ్యవయ్యా సూర్రావ్!" అని కింద నుంచి మేనేజరు గారి కేక వినబడింది. పైనుంచి తాపీగా జవాబొచ్చింది: "పరదా తియ్యలేదండి!" హాలంతా గొల్లుమంది. మేనేజరు గారు మా గేటు దగ్గరికి వచ్చారు. అప్పటిదాకా ఆయనకి ఈ సంగతి తెలియదని ఆ ముఖం చూస్తే తెలిసింది.

"పరదా తియ్యి మాలచ్చీ."

"పరదా ఆడవాళ్ళదండి. ఆడవాళ్ళు రాందే ఎలా తీస్తానండీ?"

"నీకేమన్నా మతిపోయిందా?"

"ఇన్నేళ్ళలో ఒక్కరోజైనా ముందు తీశానేమో సూర్రావు గారిని అడగండి."

అంతమంది ముందు ఆడమనిషి చేతిలోంచి తాడు లాక్కోలేక ఆయన క్యాబిన్ మెట్ల వైపు పరిగెత్తారు. లోపల బెంచీల మీద ఉన్న మగవాళ్ళు అప్పటికే ఇబ్బంది పడుతున్నారు. గేటు ఊచల్లోంచి వరండాలో తడుస్తున్న ఆడవాళ్ళు వాళ్ళకి కనబడుతున్నారు. ఉయ్యాలలో ఎవరి పిల్లో కేరుమంది. తలపాగా చుట్టుకున్న ఒకాయన లేచి, "లెగండ్రా బాబూ, మా వదినే ఉందక్కడ. రేపు ఇంట్లో కూడు పెట్టొద్దా?" అన్నాడు. నవ్వుతూ ఇంకొకడు లేచాడు. ఒకరి వెనక ఒకరు గోడ దూకి నేల మీదకి వెళ్ళి, అక్కడున్నవాళ్ళని జరగమని, ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళు కూర్చున్నట్టు సర్దుకున్నారు. ఆడవాళ్ళు వచ్చారు. కొంగులు పిండుకున్నారు. అమ్మ గేటు వేసి, మణికట్టు మీంచి తాడు విప్పి లాగింది. దీపాలు ఆరాయి.

ఈ కథ అమ్మ మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పిందో. నాయనమ్మ సినిమా హాల్లో అడుగుపెట్టని మనిషి. అమ్మ చెప్పే సినిమా కథలతోనే సరిపెట్టుకునేది. అవన్నీ ఒక ఎత్తు, ఈ కథ ఒక ఎత్తు. చుట్ట చివర దులుపుకుని, "ఆ తాడు ముచ్చట చెప్పవే," అనేది. అమ్మ చెప్పేది. దీపాలు ఆరి సినిమా మొదలవడంతో ఆపేసేది. "తరవాత?" అని నేనడిగితే, "తరవాతేముంది, సినిమాయే," అనేది. ఆ వారంలోనే సూర్యారావు గారు కౌముది మానేశారు. వేరే ఊళ్ళో మంచి పని దొరికిందట అని అమ్మ చెప్పింది. నేను నమ్మాను. నమ్మకపోవడానికి కారణం కనబడలేదు.

ఆరు రోజుల్లో రెండు రోజులు గ్రంథాలయంలోనే వెతికాను. పాత వారపత్రికల కట్టలు, ఎవరో దాచి ఇచ్చిన పాంప్లెట్లు అన్నీ విప్పి దుమ్ము దులిపాను. కౌముది పాంప్లెట్లు ఏడు దొరికాయి. ప్రతిదాని అడుగునా ఒకే ముక్క: స్త్రీలకు ప్రత్యేక స్థలము కలదు. అచ్చులో ఉన్నది స్థలమొక్కటే, ఆ స్థలంలో మనుషులు లేరు. పుస్తకాల్లో లేనిది నాకు తెలియదని జీవితమంతా అనుకున్నదాన్ని. ఇప్పుడు నాకు తెలిసింది పుస్తకాల్లో లేదు. మూడో రోజు పొద్దున్న కౌముది దగ్గరి పాత సోడా కొట్టు వాళ్ళని అడిగితే, సూర్యారావు గారు పి.గన్నవరంలో కొడుకు దగ్గర ఉన్నారని చెప్పారు. బస్సెక్కాను.

కాలవని నది మీదుగా దాటించే అక్విడక్టు దాటాక, కాలవ గట్టున చిన్న డాబా. ఆయన వసారాలో నవారు మంచం మీద కూర్చుని ఉన్నారు. బాగా పెద్దవారైపోయారు. చెవులు సరిగా వినబడవు. మాలచ్చి కూతుర్నని గట్టిగా చెప్పాను.

"గేటు మాలచ్చి గారి అమ్మాయివా! ఆయ్, రామ్మా, కూచో. మీ అమ్మగారు..."

"పోయి పదకొండేళ్ళయిందండి."

పక్కకి జరిగి మంచం మీద చోటు చూపించారు. కోడలు టీ తెచ్చి ఇచ్చింది. నేను వచ్చిన పని చెప్పి, పరదా సంగతి అడిగాను. ఒక్క వివరం కూడా తడుముకోకుండా చెప్పారు, ఉంగరాల చప్పుడుతో సహా. నాకు తెలియని ముక్కొకటి కూడా చెప్పారు. ఆ రోజు మేనేజరు గారు క్యాబిన్‌లోకి వచ్చి మీద నిలబడి వెయ్యమంటే, వెలుగునిచ్చే కార్బన్ పుల్లలు ముసురుకి చెమ్మగిల్లాయనీ, వెలగడం లేదనీ చెప్పారట.

"నిజంగా చెమ్మగిల్లాయాండీ?"

"ఎక్కడమ్మా! ఎండుటాకుల్లాగున్నాయ్. జేబులో పెట్టుకున్నాను," అని పళ్ళు లేని నోటితో నవ్వారు. "ఆయన చూస్తుండగానే పరదా తెరుచుకుంది. తీసి వెలిగించేశాను. పొరపాటు నాదే. కాస్త ఆగాల్సింది. ఆయనకి అర్థమైపోయింది."

"అందుకనా మానేశారు?"

"మానెయ్యలేదమ్మా. ఆ రెండో రోజే రావొద్దన్నారు."

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. అమ్మకి ఈ సంగతి తెలియదేమోనన్నాను. తెలియదనే మాట ఆయన నోటి నుంచి రావాలని నాకుంది.

"తెలీకపోడమేంటి? వారం తిరక్కుండా మీ అమ్మగారు మా ఇంటికి వచ్చేరు. తనూ మానేస్తానన్నారు. నేనే వొద్దన్నాను. మీరూ మానేస్తే ఆ పరదా ఎవరు తీస్తారండీ అన్నాను. ఏడ్చేరు. ఆ తరవాత నేను లాకుల మీద పనికి చేరేను. నీళ్ళకి తలుపులెత్తడం, దించడం. అదీ బాగానే ఉందనుకో."

"సినిమాలు చూసేవారాండీ?"

"లేదమ్మా. బెంచీ మీద కూచుని చూడ్డం నాకు రాదు. వెనక్కి తిరిగి కన్నం వైపే చూస్తాను."

ఆయన చెప్పిందంతా అక్కడే రాసి, గట్టిగా చదివి వినిపించాను. 'ధైర్యముతో' అని నేను పెట్టిన మాట కొట్టెయ్యమన్నారు. కింద సంతకం చేశారు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, అమ్మ మీద మొదటిసారి కోపం తెచ్చుకున్నాను. అన్నిసార్లు చెప్పి, ఆ ఒక్క ముక్క ఎందుకు దాచింది? అమలాపురం వచ్చేసరికి కోపం పోయింది. నా కూతురికి చెప్పాల్సి వస్తే నేను మాత్రం ఎక్కడ ఆపేదాన్ని? గెలిచిన చోటే ఆపేదాన్ని. కానీ చరిత్ర రాయడమంటే ఇంట్లో కథ చెప్పడం కాదని నాకు ఈ గ్రంథాలయమే నేర్పింది.

నాకు ఆ గోడా ఆ పరదా మళ్ళీ కావాలని లేదు. నా మనవరాళ్ళు ఏ సీటు కావాలంటే ఆ సీటు ఫోనులోనే ఎంచుకుని, ఎవరి పక్కనైనా కూర్చుని చూసి వస్తున్నారు. ఇంట్లో అయితే ఒకే మంచం మీద కూర్చుని ఎవరి ఫోనులో వాళ్ళు చూస్తారు. ఎవరి సినిమా ఎప్పుడు మొదలైందో పక్కవాళ్ళకి తెలియదు. అది వాళ్ళకి హాయిగానే ఉంది, ఉండాలి కూడా. నేను చెప్పేదల్లా ఒకటే. ఒకప్పుడు ఒక హాలు హాలంతా, పడవ దాటి వస్తున్న పాతికమంది ఆడవాళ్ళ కోసం దీపాలు ఆర్పకుండా ఆగేది. వాళ్ళని విడిగా కూర్చోబెట్టిన మాట నిజం. వాళ్ళు లేకుండా మొదలుపెట్టలేకపోయిన మాటా నిజం. రెండో నిజాన్ని వదిలేసి మొదటిదాన్ని మాత్రమే అచ్చువేస్తే ఒప్పుకోను.

శనివారం మాస్టారు ఆ కాయితం రెండుసార్లు చదివారు. సంతకం మీద వేలు పెట్టి చూశారు. "ఆధారమేనండి. నా వాక్యం తీసేస్తాను," అన్నారు. ప్రెస్సువాళ్ళు పేజీలు కట్టేశారనీ, ఆ వాక్యం చోటూ పేజీ అడుగున ఖాళీ కలిపితే ఆరు పంక్తులు వస్తాయనీ, అంతకన్నా ఒక్క అక్షరం పట్టదనీ చెప్పారు. కాయితం మడుస్తూ, "ఆయన ఉద్యోగం పోయిన మాట అక్కర్లేదేమోనండీ? మీ అమ్మగారి పేరుకి కూడా అంత బాగుండదు. కథ సుఖంగా ముగిస్తే చాలదాండీ?" అన్నారు.

"చాలదండి," అన్నాను.

ఆదివారమంతా కుట్టుమిషను ముట్టుకోలేదు. ఆరు పంక్తుల కోసం కొట్టేస్తూ పోతే ఉయ్యాలలు పోయాయి, తలపాగా ఆయన పోయాడు, కార్బన్ పుల్లలు పోయాయి. మేనేజరు గారి ప్రస్తావనే పట్టలేదు. సోమవారం పొద్దున్న గ్రంథాలయం తలుపు తీసేసరికి మెట్ల మీద ఉన్నాను. మాస్టారికి ఇచ్చింది ఇది:

"కౌముది టాకీసులో స్త్రీల తరగతి పరదా తీశాకే ఆట మొదలయ్యేది. ఒక ముసురు రోజు ఆ బెంచీలు మగవారికి ఇచ్చివేయగా, గేటు దగ్గర పనిచేసే మహలక్ష్మి పరదా తియ్యలేదు. ఆపరేటరు సూర్యారావు ఆట వెయ్యలేదు. స్త్రీలు వచ్చి కూర్చున్నాకే సినిమా మొదలైంది. సూర్యారావు ఉద్యోగం పోయింది."

ప్రూఫులు దిద్దడం కొంత నేర్చుకున్నాను కదా. ఆ చివరి వాక్యం ఎవరైనా తీసేస్తే పేజీ అడుగున ఖాళీ కనబడుతుంది. అందుకే దాన్ని అక్కడ పెట్టాను.